కోచ్ అన్న మాట, జనం విన్న మాట

1999 ఫిబ్రవరి 2న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు మేనేజర్ గ్లెన్ హాడిల్‌ను పదవి నుంచి తప్పించారు. ఆ వారం జట్టు ఓడింది లేదు, అసలు ఆడనే లేదు. మూడు రోజుల ముందు, జనవరి 30 శనివారం, లండన్ 'టైమ్స్' పత్రికలో ఆయన ఇంటర్వ్యూ వచ్చింది. అందులో ఆట గురించి ఏమన్నాడో ఇవాళ ఎవరికీ గుర్తులేదు. గుర్తున్నది వేరే ముక్క. మీకూ నాకూ రెండు కాళ్లూ రెండు చేతులూ, పరవాలేదనిపించే బుర్రా దక్కాయి, కొందరు అలా పుట్టకపోవడానికి కారణం ఉంది, ఇంకో జన్మలోని కర్మ పనిచేస్తోంది అన్నాడు హాడిల్. వైకల్యంతో పుట్టినవాళ్ల గురించి ఆ మాట.

మనం జాతీయ కోచ్ అనే మనిషిని అక్కడ మేనేజర్ అంటారు. ప్రధానమంత్రి కుర్చీ తర్వాత ఆ దేశంలో అంతగా జనం నోళ్లలో నానే కుర్చీ అది. ఆ కుర్చీలో కూర్చున్నవాడి నోటి మాటకి అర్థం చెప్పే హక్కు ఎవరిదన్నదాని మీద మా ఇంట్లో ఇద్దరికి చాలాకాలంగా పడదు. ఒకరు మా మేనమామ. విజయవాడలో ఒక దినపత్రిక స్పోర్ట్స్ డెస్క్ మీద పనిచేసి రిటైరయ్యాడు. రెండోది మా చెల్లెలు. గుంటూరు కోర్టులో లాయరు. చిన్నప్పుడు పోలియో వచ్చింది, ఎడమ కాలికి క్యాలిపర్ వేసుకుని నడుస్తుంది. ఇద్దరికీ ఫుట్‌బాల్ పిచ్చి. వాళ్ల మాటలు విన్నవాడిగా రాస్తున్నాను. నేను ఎటు మొగ్గానో దాచుకోను.

మావయ్య: నేను మొదటినుంచీ అనేది ఒకటే. ఆ మాటకి ఉద్యోగం తీసెయ్యడం అన్యాయం. ఆయన డబ్బు తినలేదు, మ్యాచ్ అమ్ముకోలేదు. నమ్మిందేదో చెప్పాడు. ఆ నమ్మకం మనకేమన్నా కొత్తా? మీ అమ్మమ్మ మోకాళ్ల నొప్పులతో పాతికేళ్లు మంచం దిగలేక 'నా కర్మరా' అనుకుంటూ గడిపేసింది. ఆవిణ్ణి ఎవరైనా రాతిగుండె మనిషి అన్నారా?

చెల్లెలు: అమ్మమ్మ తన మోకాళ్ల గురించి అనేది మావయ్యా. అసలు తేడా అక్కడే ఉంది, దాని దగ్గరికి వస్తాను. నువ్వు చెప్పదలుచుకున్నది ముందు చెప్పు.

మావయ్య: ఆ ఇంటర్వ్యూ ఫోన్లో జరిగింది. విలేకరి మాట్ డికిన్సన్. పది రోజుల్లో వెంబ్లీలో ఫ్రాన్స్‌తో మ్యాచ్ ఉంది. మాటల్లో మాటగా ఆయన నమ్మకాల మీదికి వెళ్లింది. ఇక డెస్క్ మీద ఏం జరుగుతుందో నన్నడుగు. మనిషి అరగంట మాట్లాడతాడు. రాసేవాడు అందులోంచి ఘాటైన ముక్క పైకి తెచ్చి ఇంట్రో చేస్తాడు. ఏజెన్సీ దాన్ని ఆరేడు పేరాలకు కుదిస్తుంది. ఆ కాపీ మా దగ్గరికి వచ్చేసరికి రాత్రి డాక్ ఎడిషన్ పేజీ వదిలే టైమవుతుంది. పేజీలో మిగిలింది సింగిల్ కాలమే. సబ్ఎడిటర్ ఎప్పుడూ కాపీని కింద నుంచి కోస్తాడు, ముఖ్యమైనది పైన ఉంటుంది కాబట్టి. అలా కోసినప్పుడు ముందు ఎగిరిపోయేది విలేకరి అడిగిన ప్రశ్న. తర్వాత 'నాకు తెలిసినంతలో', 'నేను అనుకునేది' లాంటివి పోతాయి. చివరికి రెండు వాక్యాలు మిగులుతాయి, వాటి నెత్తిన నాలుగు మాటల హెడ్డింగ్. లండన్‌లో పేజీలు పెద్దవి కావచ్చు, పని మాత్రం ఇదే. అక్కడి ఆదివారం పత్రికలూ, టీవీలూ టైమ్స్ ఇంటర్వ్యూ మొత్తం వేసుకోలేదుగా, ఆ రెండు వాక్యాలే వేసుకున్నాయి.

చెల్లెలు: ప్రశ్న లేకుండా జవాబు చదవకూడదన్నది మా కోర్టులోనూ ఉంది. సాక్షి అవునన్నాడంటే దేనికి అవునన్నాడో చూడాలి. ఒప్పుకుంటాను. అయితే ఈ జవాబు పక్కన నువ్వు ఏ ప్రశ్న పెట్టి చదివినా అది మెత్తబడుతుందా? పునర్జన్మ నమ్ముతారా అని అడిగారనుకో, ఫ్రాన్స్ మీద ఎవర్ని ఆడిస్తారని అడిగారనుకో, కాళ్లు లేకుండా పుట్టినవాళ్లకి కారణం ఉందన్న వాక్యం అలాగే ఉంటుంది. చుట్టూ ఉన్న మాటలు కోసేస్తే మారిపోయే వాక్యాలు ఉన్నాయి, కాదనను. ఇది వాటిలోది కాదు.

మావయ్య: సరే, ఇంకోటి చెబుతా విను. అదే మాట ఆయన 1998 మేలో, బీబీసీ రేడియో 5 లైవ్‌లో చెప్పాడు. మనం ఇక్కడ తప్పులు చేస్తాం, ఆత్మ మళ్లీ వచ్చి నేర్చుకోవాలి, లోకంలో కొందరు తీవ్రమైన శారీరక బాధలతో పుట్టడానికి కారణం అదే అని. ఎవరూ కిక్కురుమనలేదు. ఎందుకంటావ్? వచ్చే నెలలో ప్రపంచకప్. జట్టు మీద ఆశలున్నాయి. ఎనిమిది నెలలు గడిచాయి. ప్రపంచకప్‌లో అర్జెంటీనా చేతిలో పెనాల్టీల్లో పోయారు. సెప్టెంబర్లో స్టాక్‌హోమ్‌లో స్వీడన్ మీద 2-1తో ఓడిపోయారు. అక్టోబర్లో వెంబ్లీలో బల్గేరియా మీద ఒక్క గోల్ కొట్టలేకపోయారు. అప్పుడు అదే మాట మహాపాతకమైంది. మేలో లేని అర్థం జనవరిలో ఎక్కణ్ణుంచి వచ్చింది? స్కోరు బోర్డు మీంచి వచ్చింది.

చెల్లెలు: నువ్వు నీ కోసం తెచ్చిన సాక్ష్యం నా కేసుకి పనికొస్తుంది మావయ్యా. టైమ్స్ వచ్చాక హాడిల్ ఏమన్నాడు? నన్ను అపార్థం చేసుకున్నారు, నా మాటల్ని తప్పుగా వేశారు అన్నాడు. మేలో ఆయన గొంతు రేడియోలో వినబడింది. అక్కడ కోసేవాడు లేడు, హెడ్డింగ్ పెట్టేవాడు లేడు. అప్పుడు చెప్పిందీ, జనవరిలో అచ్చయిందీ ఒకటే అయితే ఇక వక్రీకరణ ఎక్కడుంది? పత్రిక ఆయన్ని ఉన్నదున్నట్టే వేసింది. మేలో ఎవరూ చెవిన పెట్టలేదంతే. వినకపోవడాన్ని నువ్వు ఆమోదం కింద రాసుకుంటున్నావు.

ఈ దెబ్బకి మావయ్య కాసేపు మాట్లాడలేదు. నిజానికి ఆయన వాదనలో గట్టి రాయి అదే అని నేనూ అనుకున్నాను. అది అవతలి గోడకి పడింది. అయినా ఆయన చెప్పేదాంట్లో సగం నిజం ఉంది, దాన్ని ఆయన వదల్లేదు.

మావయ్య: మాట మారలేదనుకుందాం. మరి శిక్ష ఎందుకు మారింది? మేలో సున్నా, ఫిబ్రవరిలో ఉద్యోగం. తీసేసింది మాటకా, స్వీడన్‌కా? ఇంకా వెనక చూడు. ఐలీన్ డ్రూరీ అని ప్రార్థనతో నయం చేస్తానని చెప్పే ఆవిడ దగ్గరికి ఆటగాళ్లను పంపేవాడు. పత్రికలు అప్పటికే దాన్ని నెలల తరబడి నములుతున్నాయి. ప్రపంచకప్ డైరీ అని పుస్తకం వేశాడు. పాల్ గాస్కోయిన్‌ను జట్టులోంచి తీసేశామని చెప్పినప్పుడు లా మంగా హోటల్లో అతను చేసిన రభస కూడా అందులో పెట్టాడు. డ్రెస్సింగ్ రూమ్ గుట్టు బయటపెట్టాడని ఆటగాళ్లు మండిపడ్డారు. ఆ పుస్తకం రాయడంలో ఆయనకి తోడున్నదెవరు? ఫుట్‌బాల్ అసోసియేషన్‌లో ప్రచారం పనులు చూసే డేవిడ్ డేవిస్. ఫిబ్రవరిలో అసోసియేషన్ పగ్గాలు తాత్కాలికంగా ఎవరి చేతిలో ఉన్నాయి? అదే డేవిస్ చేతిలో. పుస్తకంలో మాటలు ముద్దు, పత్రికలో మాటలు చేదు. పైగా సోమవారం పొద్దున ప్రధానమంత్రి టోనీ బ్లెయిర్ టీవీలో కూర్చుని, ఆ మాట నిజంగా అని ఉంటే ఆయన కొనసాగడం కష్టమని చెప్పేశాడు. మర్నాడు ఊడింది. నువ్వు లాయరువి, దీన్ని విచారణ అంటావా?

చెల్లెలు: అనను. ప్రధానమంత్రికి అందులో వేలు పెట్టే పనిలేదు. అసోసియేషన్ ఆ మూడు రోజులు ధర్మం కంటే గొడవ చల్లారడమే చూసుకుందని కూడా ఒప్పుకుంటాను. తీర్పు ఇచ్చినవాళ్లు మంచివాళ్లు కాకపోయినంత మాత్రాన ముద్దాయి నిర్దోషి అయిపోడు. నువ్వు రెంటినీ కలిపేస్తున్నావు.

మావయ్య: నువ్వు ఆయన్ని ముద్దాయి అంటున్నావు. ఆయన ఉద్దేశం చూడవేం? ఎవర్నీ కించపరచాలనుకోలేదు. వికలాంగుల సంస్థలకి సాయం చేసినవాడు. లోకంలో ఇంత బాధ ఎందుకుందో తనకు తాను చెప్పుకునే జవాబు అది. మన పెద్దలు చెప్పుకున్నదీ అందుకే కదా. కారణం లేకుండా బాధ పడుతున్నామనుకోవడం కన్నా ఏదో కారణం ఉందనుకుంటే మనసుకి పట్టు దొరుకుతుంది.

చెల్లెలు: ఆ పట్టు ఎవరి చేతికి దొరుకుతుంది? నా సంగతి చెబుతాను విను. పెళ్లికి వెళ్తాను. బంతిలో కూర్చోవాలంటే మోకాలి దగ్గర క్యాలిపర్ లాక్ తియ్యాలి, టక్కుమని చప్పుడవుతుంది. వరసలో ఉన్నవాళ్లందరూ ఇటు తిరుగుతారు. పక్కనున్న పెద్దావిడ నా గడ్డం పట్టుకుని 'ఏ జన్మలో ఏం చేసుకుందో పిచ్చి తల్లి' అంటుంది. ప్రేమగానే అంటుంది. ఆవిడ ఉద్దేశంలో ఇసుమంత చెడ్డ లేదు. కానీ ఆ మాట పడ్డాక విస్తరి ముందు కూర్చుని ఏం చేశానా అని వెతుక్కోవలసింది నేను. ఆవిడకి పప్పు వడ్డిస్తారు, ఆవిడ భోజనం చేస్తుంది. అమ్మమ్మ తన మోకాళ్లు పట్టుకుని 'నా కర్మ' అంటే అది ఓర్పు. రెండు కాళ్లూ బాగున్నవాడు ఎదుటివాడి కాలు చూపించి 'నీ కర్మ' అంటే అది తీర్పు. సిద్ధాంతం ఒకటే కావచ్చు. హాడిల్ ఏం చేశాడు? మీకూ నాకూ రెండు కాళ్లున్నాయని మొదలుపెట్టాడు. ఆ 'మీకూ నాకూ'లో నేను లేను. నా గురించి, నేను లేనిచోట, నా వెనకటి జన్మ చెప్పాడు.

మావయ్య: నీకు పోలియో వచ్చింది. పుట్టుకతో వచ్చింది కాదు. ఆయన అన్నది నీలాంటివాళ్ల గురించి కాదు.

చెల్లెలు: పెళ్లి పందిట్లో పెద్దావిడ నా మెడికల్ రికార్డు అడగదు మావయ్యా. అసలు నాకు ఈ కాలు ఎందుకు వచ్చింది? చుక్కలమందు నాకు సరిగా అందలేదు. అది అడిగి తెలుసుకోదగ్గ లెక్క, అడిగితే ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవలసిన లెక్క. కర్మ అనగానే ఆ లెక్క ఎవరూ అడగరు. 2014 మార్చిలో మనమున్న ఆగ్నేయాసియా ప్రాంతం మొత్తానికి పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఇక్కడి పిల్లలందరి పూర్వజన్మలూ బాగుపడి అలా జరగలేదు. పల్స్ పోలియో ఆదివారాల్లో ఇంటింటికీ తిరిగి చుక్కలు వేస్తే జరిగింది.

ఇక్కడ నేను చెల్లెలి వైపే. కర్మ మీద నమ్మకం ఉన్న ఇంట్లోనే పుట్టాను, ఆ నమ్మకం ఇచ్చిన నిబ్బరాన్ని చూశాను, దాన్ని తేలిగ్గా తీసిపారెయ్యను. కానీ మాట ఎవరి నోట్లోంచి ఎవరి మీదికి వెళ్తోందన్నది చూడకుండా మాటకి అర్థం చెప్పడం కుదరదు. పత్రికలవాళ్లు హాడిల్ మాటని ఏ కారణంతో పట్టుకున్నా, చక్రాల కుర్చీలోంచి ఆ పేజీ చదివినవాళ్లకి స్వీడన్ మ్యాచ్‌తో పనిలేదు.

మావయ్య: అయితే ఒకప్పటి ఇంగ్లండ్ మేనేజర్ ఆల్ఫ్ రామ్సే సంగతి చెప్పు. 1966, జులై 23, వెంబ్లీ, ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. అర్జెంటీనా కెప్టెన్ రత్తీన్‌ను పశ్చిమ జర్మనీ రిఫరీ క్రైట్‌లైన్ మొదటి సగంలోనే బయటికి పంపేశాడు. ఎందుకయ్యా అంటే నోటి దురుసు. ఆ రిఫరీకి స్పానిష్ ముక్క రాదు. రత్తీన్ దుబాసీని పిలవమంటూ నిమిషాల తరబడి మైదానం వదల్లేదు. అర్థం కాని మాటకి శిక్ష పడింది, చూడు. ఎర్ర కార్డూ పసుపు కార్డూ పుట్టడానికి ఆ గలాటా కూడా ఒక కారణం, 1970 ప్రపంచకప్ నాటికి వచ్చాయవి. మ్యాచ్ ఇంగ్లండ్ 1-0తో గెలిచింది. ఆట అయ్యాక జార్జ్ కోహెన్ అర్జెంటీనా ఆటగాడితో చొక్కా మార్చుకోబోతుంటే రామ్సే వచ్చి ఆ చొక్కా పట్టుకుని లాగాడు, ఫొటో ఉంది. తర్వాత టీవీలో, మా అసలు ఆట చూడాలంటే ఫుట్‌బాల్ ఆడటానికి వచ్చే జట్టు ఎదురవ్వాలి, జంతువుల్లా ప్రవర్తించే జట్టు కాదు అన్నాడు. అర్జెంటీనాలో ఏమని వినబడింది? మనల్ని జంతువులన్నాడని. వారం తిరగ్గానే రామ్సే ప్రపంచకప్ ఎత్తించాడు, మరుసటేడు సర్ అయ్యాడు. హాడిల్ ఇంటికి వెళ్లాడు. గెలిచినవాడి నోటికి ఒక నిఘంటువు, ఓడినవాడి నోటికి ఇంకోటి. దీన్నైనా కాదంటావా?

చెల్లెలు: ఇంగ్లండ్ పత్రికల విషయంలో కాదనను. కానీ నువ్వు వెంబ్లీలోనే నిలబడి చూస్తున్నావు. బ్యూనస్ ఐరెస్‌లో ఆ జట్టుకి వీరుల స్వాగతం చెప్పారు. ఆ మ్యాచ్‌ను శతాబ్దపు దోపిడీ అన్నారు. ఇంగ్లండ్‌తో ఆడినప్పుడల్లా రామ్సే మాట అక్కడ మళ్లీ పైకొచ్చింది. కప్పు గెలిస్తే వాళ్ల చెవుల్లోంచి ఆ మాట పోయిందా? నువ్వు చెప్పేది శిక్ష ఎవరికి పడిందని. నేను చెప్పేది మాట ఎవరికి తగిలిందని. మాట తగిలినవాడికి స్కోరు అక్కర్లేదు. నీ రామ్సే ఉదాహరణలో నాకు కనబడేది, ఆయన్ని కూడా అడగవలసింది అని. హాడిల్‌ను వదిలెయ్యవలసింది అని కాదు.

మావయ్య: సరే, ఇలా అందర్నీ అడుగుతూ పోతే చివరికి ఏమవుతుందో కూడా చూద్దాం. ఇప్పటి ప్రెస్‌మీట్ చూస్తున్నావుగా. వెనక స్పాన్సర్ల బోర్డు, పక్కన మీడియా ఆఫీసరు, ఒక్కొక్కరికీ ఒక్కటే ప్రశ్న. కోచ్ నోట్లోంచి వచ్చేది రాసుకోవడానికి కూడా పనికిరాదు. ఇంగ్లండ్ మేనేజర్‌గా ఉన్న గారెత్ సౌత్‌గేట్ యూరో కప్‌లో, 2024 జూన్ 20న ఫ్రాంక్‌ఫర్ట్‌లో డెన్మార్క్‌తో 1-1 అయ్యాక పాపం నిజం చెప్పాడు. కాల్విన్ ఫిలిప్స్‌కి బదులు అలాంటి ఆటగాడు మాకు దొరకలేదు, మధ్యలో అలెగ్జాండర్-ఆర్నల్డ్‌ను ఆడించడం ప్రయోగమే అన్నాడు. కోచ్ నోట అంత సూటి మాట రావడం అరుదు. ఏం చేశారు? ఆ జట్టులోనే లేని ఫిలిప్స్ కోసం ఏడుస్తున్నాడని ఆడిపోసుకున్నారు. ఐదు రోజులకి కొలోన్‌లో స్లొవేనియాతో గోల్ లేకుండా ముగిస్తే ప్లాస్టిక్ గ్లాసులు విసిరారు. ఆ జట్టే జులై 14న బెర్లిన్‌లో ఫైనల్ ఆడింది. నిజం చెబితే గ్లాసులు, చెప్పకపోతే 'ఒక్కో మ్యాచ్ గురించే ఆలోచిస్తాం' అనే పాట. నువ్వు కోరేది ఈ పాటేనా?

చెల్లెలు: సౌత్‌గేట్‌కి జరిగింది అన్యాయమే. అక్కడ నీతో ఉన్నా. ఆటలో తనకున్న ఇబ్బంది చెప్పుకున్నాడు, ఎవర్నీ గాయపరచలేదు. ఆ మాటని స్కోరుతో కలిపి చదివారు. కానీ అదే సౌత్‌గేట్ 2021 జూన్‌లో దేశ ప్రజలకి ఉత్తరం రాశాడు గుర్తుందా? జాతి వివక్షకి నిరసనగా ఆటగాళ్లు మోకాలి మీద కూర్చుంటే సొంత ప్రేక్షకులే కొందరు గోల చేశారు. ఆయన ఆ కుర్రాళ్ల పక్కన నిలబడి రాశాడు. అది రాజకీయమే, వివాదమే, చాలామందికి నచ్చలేదు. అయినా నిలబడింది. కోచ్‌లు నోరు మూసుకోవాలని నేనెక్కడ అన్నాను? దెబ్బ తింటున్నవాళ్ల తరఫున మాట్లాడటానికి అడ్డేముంది?

మావయ్య: అది ఉత్తరం. కూర్చుని, ఆలోచించి, కొట్టేసి, మళ్లీ రాసుకున్నది. మొత్తం అచ్చయింది, ఎవరూ కొయ్యలేదు. ఫోన్లో మాట్లాడినదాన్ని దానితో తూకం వెయ్యకూడదు.

చెల్లెలు: హాడిల్ కూర్చుని ఉత్తరం రాసి ఉంటే?

మావయ్య: కొట్టేసేవాడేమో.

చెల్లెలు: ఏమో. అదీ చూడవలసిందే.

మన దేశం సంగతి మధ్యలో వచ్చి తొందరగానే వెళ్లిపోయింది. మన జట్టు కోచ్‌గా ఉన్న ఇగోర్ స్టిమాచ్ 2024లో ప్రపంచకప్ అర్హత పోటీల్లో మూడో రౌండుకి తీసుకెళ్లకపోతే వెళ్లిపోతానన్నాడు, తీసుకెళ్లలేకపోయాడు, జూన్ 17న ఫెడరేషన్ తానే తీసేసింది. జనం దాన్ని ప్రమాణం కింద విన్నారని మావయ్య అన్నాడు. కాంట్రాక్టులో రాసుంటే తప్ప అది చెల్లదని చెల్లెలు అంది. అంతటితో ఆగింది. ఇద్దరూ చాలాసేపు నిలిచింది జకార్తా దగ్గర.

మావయ్య: 1962 ఏషియన్ గేమ్స్. మన హైదరాబాద్ రహీమ్ సాబ్ కోచ్. సికింద్రాబాద్ బలరామ్, యూసుఫ్ ఖాన్ లాంటి మనవాళ్లు జట్టులో ఉన్నారు. ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ ఇండొనేసియా రానివ్వలేదు. దాని మీద మన గురుదత్త్ సోంధీ, ఒలింపిక్ కమిటీలో ఉన్నవాడు, అలాంటప్పుడు వీటిని ఏషియన్ గేమ్స్ అని పిలవకూడదన్నాడు. న్యాయమైన మాటే. జకార్తాలో దాన్ని భారతదేశం మమ్మల్ని అవమానించిందని విన్నారు. మన రాయబార కార్యాలయం మీద దాడి చేశారు. సెప్టెంబర్ 4న ఫైనల్, ఎదురుగా దక్షిణ కొరియా. లక్షమంది స్టేడియంలో మనవాళ్లు కాలు పెడితే గోల, బంతి ముట్టుకుంటే గోల. పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు, 2-1తో స్వర్ణం. రహీమ్ సాబ్ అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నాడు, మరుసటేడు పోయాడు. ఆయన అనని మాటకి ఆయన కుర్రాళ్లు ఆ గోల మొయ్యవలసివచ్చింది. చూశావా, అర్థం చెప్పే హక్కు విన్నవాళ్లదే అని వదిలేస్తే ఏమవుతుందో?

చెల్లెలు: ఇది నీ దగ్గరున్న మంచి ఉదాహరణ మావయ్యా. దీనికి నా దగ్గర చిటికెలో జవాబు లేదు. విన్నవాళ్లు చెప్పిందల్లా అర్థం కాదు. నేను ఒక్కటి చూస్తాను. సోంధీ అడిగింది, బయట పెట్టినవాళ్లని లోపలికి రానివ్వమని. హాడిల్ చెప్పింది, బయట ఉన్నవాళ్లు బయట ఉండటానికి కారణం ఉందని. రెంటికీ గొడవ ఒకేలా లేచింది. గొడవ పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి మాట బరువు తేల్చకూడదు, అది నువ్వు చెప్పిన స్కోరు బోర్డు లాంటిదే. అన్న వాక్యం ఎవర్ని ఏం చేస్తుందో అది చూసి తేల్చాలి.

మావయ్య: చట్టం ఏం చెబుతుంది మరి?

చెల్లెలు: మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 92వ సెక్షన్ ఉంది. బహిరంగంగా అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. కానీ కించపరచాలనే ఉద్దేశం ఉండాలి. హాడిల్ దాని కిందికి రాడు, నేను వాదించినా నిలబడదు, వాదించను కూడా. జైలు వేరు, పదవి వేరు. ఉద్దేశం లేకపోతే జైలు ఉండకూడదు. పదవికి మాత్రం ఉద్దేశం ఒక్కటే చాలదు.

మావయ్య: అంటే నువ్వైనా తీసేసేదానివే.

చెల్లెలు: ముందు పిలిపించేదాన్ని. పుట్టుకతో కాళ్లు లేనివాళ్లని నలుగుర్ని ఎదురుగా కూర్చోబెట్టేదాన్ని. నా వెనకటి జన్మ సంగతి మీకెలా తెలుసు అని వాళ్లచేత అడిగించేదాన్ని. నేను చదివినంతలో ఆ ప్రశ్న నాకెక్కడా కనబడలేదు. కొనసాగుతారా, రాజీనామా చేస్తారా, ఇవే. నాకు తెలియదు, తెలియకుండా అన్నాను అని ఆయన అంటే ఆ జవాబు అచ్చు వేయించి కుర్చీలో ఉంచేదాన్ని. తెలుసు అంటే పంపించేదాన్ని.

మావయ్య: తర్వాత ఆయన సౌతాంప్టన్‌కీ, టాటెన్‌హామ్‌కీ, వుల్వ్స్‌కీ మేనేజర్‌గా చేశాడు. అప్పుడు ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. అదే మనిషి, అదే నమ్మకం. మరి అక్కడ పనికొచ్చినవాడు ఇక్కడెందుకు పనికిరాలేదు?

చెల్లెలు: ఉద్యోగం చేసుకోనీ, నాకేం అభ్యంతరం లేదు. క్లబ్బు నచ్చకపోతే నేను ఇంకో క్లబ్బుకి అభిమానినవుతాను. దేశం జట్టుని అలా మార్చుకోలేను. మూడు సింహాల చొక్కా వేసుకుని వీల్‌చెయిర్లో మ్యాచ్‌కి వెళ్లే పిల్లవాడికి ఇంకో ఇంగ్లండ్ లేదు. ఆ జట్టు మేనేజర్ నోరు విప్పితే వాడి తరఫున కూడా విప్పినట్టే. అందుకే ఆ కుర్చీలో ఉన్నంతకాలం ఆయన మాటకి అర్థం వాడు కూడా చెబుతాడు.

మావయ్య: చెప్పనీ. చెప్పడానికి మూడు రోజులు చాలవంటాను. శనివారం పేపర్లో వస్తే మంగళవారానికి తేల్చేశారు. నీ నలుగురు మనుషులు ఊరి నుంచి వచ్చేలోపే అయిపోయేది.

చెల్లెలు: ఆ గడువు అడగవలసింది ఆయన. అడగలేదు. విచక్షణలో పెద్ద తప్పు చేశాను, కొందరికి బాధ కలిగింది, క్షమించమని ప్రకటన ఇచ్చి వెళ్లిపోయాడు.

మావయ్య: అడిగే వీలు ఎవరిచ్చారు?

చెల్లెలు: అది మాత్రం అసోసియేషన్‌ను అడగాలి.